దేవదూతకు దినకూలి

రోజుకు ఒక ద్రాక్మా కూలి. దారి ఖర్చులు వేరే. కొడుకును క్షేమంగా తిరిగి తీసుకొస్తే పైన ఇంకొంత. కళ్ళు పోయిన ఒక ముసలాయన తన ఎదుట నిలబడ్డ యువకుడితో ఇలా బేరం కుదుర్చుకుంటాడు. అంతకుముందే ఏ వంశం, ఎవరి కొడుకువి అని ఆరా తీస్తాడు. తెలిసినవాళ్ళ పిల్లవాడేనని తేలాక గాని మనసు కుదుటపడదు. ఆ యువకుడు దేవుని సన్నిధిలో నిలిచే ఏడుగురు దూతల్లో ఒకడు. చదివేవాళ్ళకు ఆ సంగతి తెలుసు, ముసలాయనకు తెలియదు. తెలియకుండానే, ఏడుస్తున్న భార్యను ఓదారుస్తూ, మన పిల్లవాడికి తోడుగా మంచి దేవదూత ఒకరు వెళ్తారులే అంటాడు.

ఇది తోబీతు గ్రంథంలోని సన్నివేశం. కతోలిక బైబిలు పాత నిబంధనలో పధ్నాలుగు అధ్యాయాల చిన్న పుస్తకం అది. 1546లో ట్రెంటు మహాసభ దీన్ని పవిత్ర గ్రంథాల పట్టికలో ఖాయం చేసింది. లూథరు దీన్ని ఆ పట్టికకు బయట ఉంచాడు, కథ మాత్రం చక్కనిదని మెచ్చుకున్నాడు. ప్రొటెస్టంటు బైబిళ్ళలో ఇది మామూలుగా కనిపించదు. అందుకే మన ఊళ్ళలో పక్కపక్క ఇళ్ళలో ఉండే రెండు క్రైస్తవ కుటుంబాల్లో ఒకరికి చిన్నప్పటినుంచీ తెలిసిన తోబియా, రెండోవారికి పేరైనా వినని మనిషి.

విశ్వాసం గురించి, కుటుంబం గురించి కతోలికులు రాసుకున్నది తక్కువేమీ కాదు. తెలుగులో జెస్విట్ గురువు పూదోట జోజయ్య గారి బైబులు భాష్య సంపుటాలున్నాయి. పోప్ ఫ్రాన్సిస్ 2016లో కుటుంబ ప్రేమ మీద ‘అమోరిస్ లెతీత్సియా’ అనే పెద్ద ఉపదేశపత్రమే వెలువరించారు. నల్గొండ మేత్రాసనం 1976లో ఏర్పడిన నాటినుంచీ ఈ మెట్ట నేల విచారణల్లో కుటుంబ ఆదివారాల ప్రసంగాలు, పెళ్ళికి ముందు శిక్షణ తరగతులు సాగుతూనే ఉన్నాయి. అయితే ఉపదేశం చేసేవాడికీ కథ చెప్పేవాడికీ తేడా ఉంది. కుటుంబంలో విశ్వాసం ఎలా ఉండాలో ఉపదేశకుడు చెబుతాడు. తోబీతు గ్రంథం రాసినాయన, పేరైనా మనకు మిగల్చని ఆ రచయిత, అది ఇంట్లో ఎక్కడెక్కడ దాక్కుని ఉంటుందో చూపిస్తాడు. కూలి డబ్బుల్లో, వదిలేసిన భోజనంలో, మగ్గం గుడ్డలో, దారికేసి చూసే తల్లి కళ్ళలో చూపిస్తాడు. ఈ వ్యాసం ఆ పనితనం గురించి.

తెలుగు కవులకు ఈ కథ కొత్తేమీ కాదు. పింగళి ఎల్లన దీన్ని ‘తోభ్య చరిత్రము’ పేరుతో కావ్యంగా రాసి తుమ్మ రాయపరెడ్డికి అంకితమిచ్చాడు. సర్వేశ్వర మాహాత్మ్యమనీ దానికి పేరుంది. తెలుగులో తొలినాటి క్రైస్తవ కావ్యాల్లో అదొకటి. బైబిలులో సముద్రం చీలిన కథ ఉంది, రాక్షసాకారుణ్ణి వడిసెలతో కూల్చిన కథ ఉంది, రాజుల కథలకైతే లెక్కే లేదు. వాటిని కాదని ఒక సంసారి ఇంటి కథ కావ్యానికెక్కింది. కాపుదనం, బంధుత్వం, ఇచ్చిపుచ్చుకోవడాల మీద నడిచే మన పల్లె కుటుంబాలకు ఈ కథ ఎంత దగ్గరో ఆ ఎంపికే చెబుతుంది.

కథ క్లుప్తంగా ఇది. అస్సీరియా వాళ్ళు చెరపట్టి తీసుకుపోయిన ఇశ్రాయేలీయుల్లో తోబీతు ఒకడు. భార్య అన్నా, ఒక్కగానొక్క కొడుకు తోబియాతో నీనెవెలో ఉంటాడు. దానధర్మాలు చేసేవాడు. రాజు చంపించి గోడ అవతల పారేయించిన తనవాళ్ళ శవాలను దొంగచాటుగా పాతిపెట్టేవాడు. దానివల్లే ఆస్తి పోయింది, ఒకసారి ఊరొదిలి పారిపోవలసి వచ్చింది. ఆఖరికి కళ్ళూ పోయాయి. చావు రమ్మని ప్రార్థిస్తాడు. సరిగ్గా అదే రోజు దూరాన ఎక్బటానాలో సారా అనే పిల్ల కూడా చావు కోరుతుంది. ఏడుసార్లు పెళ్ళయింది, ఏడుగురు వరులనూ తొలిరాత్రే ఒక దయ్యం చంపేసింది. ఈ ఇద్దరి మొరలూ విని దేవుడు రఫాయేలు దూతను పంపుతాడు. దూత అసర్యా అనే పేరుతో తోబియాకు దారి చూపే కూలివాడుగా కుదురుతాడు. మాదియా దేశంలో తండ్రి ఎప్పుడో దాచిన పది తలాంతుల వెండి తేవడం పని. దారిలో చేప దొరుకుతుంది, సారాతో పెళ్ళవుతుంది, దయ్యం పారిపోతుంది, డబ్బు చేతికొస్తుంది, తండ్రికి చూపొస్తుంది. చివర దూత తానెవరో చెప్పి మాయమవుతాడు.

ఇలా చెబితే చందమామ కథలా ఉంటుంది. దీని బలం ఇందులో ఏం జరిగిందన్నదానిలో కన్నా, జరిగినదాన్ని రచయిత ఎక్కడ నిలబడి చూపించాడన్నదానిలో ఉంది.

మొదటి మూడు అధ్యాయాల్లో చాలా భాగం తోబీతే చెబుతాడు. నేను యెరూషలేముకు పండుగలకు వెళ్ళేవాణ్ణి, దశమభాగాలు ఇచ్చేవాణ్ణి, ఆకలిగొన్నవాళ్ళకు అన్నం పెట్టాను, బట్టలేనివాళ్ళకు బట్టలిచ్చాను అంటూ తన మంచితనం తానే లెక్కపెడతాడు. అన్నీ నిజాలే, అయినా వినేవాడికి కాస్త బరువుగా ఉంటుంది. రచయిత కూడా ఆ బరువు కావాలనే పెట్టాడు. ఎందుకంటే తన గురించి ఇంత మంచిగా చెప్పుకున్న నోటితోనే, తానెక్కడ తప్పాడో కూడా ఆయన చేతే చెప్పిస్తాడు.

ఆ ఘట్టం రెండో అధ్యాయంలో ఉంది. పండుగ రోజున భోజనం వడ్డించి ఉంటుంది. మనవాళ్ళలో ఎవరైనా పేదవాడు కనబడితే పిలుచుకురా, వచ్చేదాకా ఆగుతాను అని తోబీతు కొడుకును పంపుతాడు. పేదవాడికి బదులు, బజారులో మనవాణ్ణొకణ్ణి చంపి పడేశారన్న వార్త వస్తుంది. తోబీతు ముద్ద ముట్టకుండా లేచి వెళ్ళి శవాన్ని తెచ్చి దాచి, పొద్దు గూకాక పాతిపెడతాడు. ఇరుగుపొరుగు నవ్వుతారు. ఆ రాత్రి వాకిట్లో గోడ పక్కన పడుకుంటే పైనున్న పిచ్చుకల రెట్ట కళ్ళలో పడుతుంది. వైద్యుల మందులు రాసిన కొద్దీ తెల్లటి పొరలు ముదిరి చూపు పూర్తిగా పోతుంది. నాలుగేళ్ళు గుడ్డితనం. పుణ్యం చేసిన రాత్రే ఈ శిక్ష పడింది. దీనికి కారణం ఇదీ అని రచయిత ఒక్క ముక్క చెప్పడు. పండుగ, శవం, పిచ్చుక అని వరుసగా పెట్టి ఊరుకుంటాడు.

ఇక ఇల్లు గడవాలి. అన్నా కూలికి నేయడం మొదలుపెడుతుంది. నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతం వాళ్ళకు ఈ భాగం విడమరిచి చెప్పనక్కర్లేదు. పోచంపల్లి, పుట్టపాక, గద్వాల, నారాయణపేట మగ్గాల మీద నూలు ఒకరిది, నేత ఒకరిది. బట్ట కోసి అప్పగించాకే మజూరి. అన్నాది కూడా అదే బతుకు. ఒకరోజు నేసిన బట్ట మగ్గం మీంచి కోసి యజమానులకు పంపుతుంది. వాళ్ళు మజూరి మొత్తం ఇచ్చి, ఇంట్లో వండుకోండని పైన ఒక మేకపిల్లను కూడా ఇస్తారు. ఆ రోజు ఏ నెల ఎన్నో తారీకో కూడా రచయిత రాశాడు. డిస్ట్రసు నెల ఏడో రోజు. అస్సీరియా రాజ్యాల తారుమారును రెండు వాక్యాల్లో దాటేసినవాడు మేకపిల్ల ఇంటికొచ్చిన రోజుకు తేదీ వేశాడంటే, కథ బరువు ఎక్కడుందో ఆయనకు తెలుసన్నమాట.

మేకపిల్ల అరుపు వినగానే గుడ్డి తోబీతు అడుగుతాడు, ఇదెక్కడిది, దొంగ సొత్తు కాదు గదా అని. కూలికి పైన ఇచ్చారంటే నమ్మడు. తిరిగి ఇచ్చెయ్యమని కోప్పడతాడు. అప్పుడు అన్నా ఎదురు తిరుగుతుంది. నీ దానధర్మాలేమయ్యాయి, నీ పుణ్యమంతా ఎక్కడికి పోయింది అని నిలదీస్తుంది. ఊళ్ళోవాళ్ళకు అన్నం పెట్టిన మనిషి, ఇంట్లో కష్టపడి కూలి తెచ్చిన ఆడమనిషి మాట నమ్మలేకపోయాడు. ఇదంతా తోబీతే చెబుతున్నాడన్నది గుర్తుంచుకోవాలి. భార్య తనను ఏమందో ఒక్క ముక్క దాచకుండా మనకు చెబుతాడు. ఆమె మాట తప్పని ఖండించడు. వెంటనే ఏడ్చి ప్రార్థనలోకి వెళ్ళిపోతాడు. కతోలికులకు పాపసంకీర్తనం తెలిసిన సంస్కారమే. దానికి ఇంతకన్నా మంచి రూపం కథలో దొరకడం కష్టం. రెంబ్రాంట్ 1626లో, ఇరవై ఏళ్ళ వయసులో, ఈ మేకపిల్ల గొడవనే చిత్రంగా గీశాడు. చిత్రకారుడి కన్ను కూడా దేవదూత కన్నా ముందు మేకపిల్ల మీదే పడింది.

ప్రార్థన ముగిసీ ముగియగానే కథ తోబీతు నోట్లోంచి జారి వేరే చేతిలోకి వెళ్తుంది. అప్పటిదాకా ‘నేను’ అన్న మనిషి ఇక ‘అతను’ అవుతాడు. ఎందుకంటే తర్వాతి సన్నివేశం ఎక్బటానాలో, తోబీతుకు కనపడని చోట జరుగుతుంది. తన ఇంటి కష్టమే లోకమనుకున్నవాడి చేతిలోంచి కథను తీసుకుని, అదే క్షణంలో ఇంకో ఇంట్లో ఇంకో ఏడుపు ఉందని రచయిత చూపిస్తాడు.

సారాను కూడా ఆయన బొమ్మలా చేయలేదు. ఆమె పనిపిల్లలను కొడుతుంది. వాళ్ళు ఊరుకోరు. నీ మొగుళ్ళు పోతే మమ్మల్నెందుకు కొడతావు, నువ్వూ వాళ్ళ వెనకాలే పో అంటారు. సారా మేడ గదిలోకి వెళ్ళి ఉరేసుకోవాలనుకుంటుంది. ఆమెను ఆపింది దేవుడి భయం అని రాయలేదు. ఒక్కగానొక్క కూతురు ఉరేసుకుందని మా నాన్నను అందరూ అంటారు, ముసలితనంలో ఆయన కుమిలిపోతాడు అన్న తలపు ఆపింది. తండ్రి మీది ప్రేమే ఆమెను కిటికీ వైపు తిప్పి ప్రార్థన చేయించింది. కుటుంబం నుంచి విశ్వాసానికి దారి ఎలా పడుతుందో చెప్పడానికి ఈ గ్రంథం ఒక సిద్ధాంతం వెతుక్కోలేదు. ఒక ఆడపిల్ల ఒక్క క్షణం ఆగి తండ్రిని తలుచుకోవడం చాలనుకుంది. ఆ ఇద్దరి మొరలూ ఒకే సమయంలో దేవుని చెవిన పడ్డాయి. ఆ క్షణానే తోబీతు వాకిట్లోంచి ఇంట్లోకి వచ్చాడు, సారా మేడ మీంచి కిందికి దిగింది. ఈ రెండు కదలికలనూ పక్కపక్కన పెట్టి రచయిత అధ్యాయం ముగించాడు. పైన తీర్పు జరిగిపోయింది. కింద ఇద్దరికీ అది తెలియదు, ఎప్పటిలాగే ఇంటి పనిలోకి వెళ్ళారు.

ఇక్కడినుంచి చదివేవాడికి అంతా తెలుసు, పాత్రలకు ఏమీ తెలియదు. రఫాయేలు ఎవరో, ఎందుకొచ్చాడో రచయిత ముందే చెప్పేశాడు కాబట్టి తర్వాత ఏం జరుగుతుందోనన్న ఉత్కంఠ ఈ కథలో లేదు. దాని బదులు ఇంకోటి ఉంది. వీళ్ళకు ఇది ఎప్పుడు తెలుస్తుంది అన్న ఓపిక. ఇది కావాలని చేసిన ఏర్పాటే. చదువుతూ చదువుతూ మనం దేవుడు నిలబడిన చోట నిలబడి, భయపడే ఈ మనుషుల్ని చూస్తుంటాం. అయ్యో, భయపడకండి అనబుద్ధవుతుంది. పుస్తకం మూసి మన సంసారం చూసుకుంటే, మనం తోబీతు వైపున, ఏమీ తెలియని వైపున ఉన్నామని అర్థమవుతుంది. విశ్వాసమంటే ఏమిటో ఇన్ని అధ్యాయాల్లో ఎక్కడా నిర్వచించకుండానే మన చేత అనుభవింపజేశాడు.

పోచంపల్లి నేతలో బొమ్మ మగ్గం మీద పుట్టదు. నూలుకు ముందే కట్లు కట్టి రంగులో ముంచుతారు, నేసేటప్పుడు అది బట్ట మీద తేలుతుంది. ఈ కథ అల్లిక కూడా అలాంటిదే. ఆరో అధ్యాయంలో టైగ్రిస్ ఒడ్డున తోబియా కాలు కడుక్కుంటుంటే చేప మీదికి లేస్తుంది. దాని గుండె, కాలేయం, పిత్తం దాచిపెట్టమని అసర్యా చెబుతాడు. మొదటి రెండూ ఎనిమిదో అధ్యాయంలో దయ్యాన్ని తరమడానికి, పిత్తం పదకొండో అధ్యాయంలో తండ్రి కళ్ళకు. సమాధుల వరుస చూడండి. తోబీతు పరాయి శవాలను పాతిపెట్టాడు. నాలుగో అధ్యాయంలో కొడుకుతో, నేను పోయాక నన్ను గౌరవంగా పాతిపెట్టు, మీ అమ్మ పోయినప్పుడు నా పక్కనే అదే సమాధిలో ఉంచు అంటాడు. నిన్ను కడుపులో మోసినప్పుడు ఆమె పడ్డ గండాలు మరిచిపోకు అని కూడా అంటాడు. మేకపిల్ల గొడవకు ఆయన చెప్పుకున్న క్షమాపణ అదే కావచ్చు. చివరి అధ్యాయంలో తోబియా తల్లిదండ్రులనూ, అత్తమామలనూ గౌరవంగా పాతిపెడతాడు. ఈ రెంటి మధ్య ఒక సమాధి ఖాళీగా ఉండిపోతుంది. అది కథలో అన్నిటికన్నా నవ్వొచ్చే చోటు.

సారా తండ్రి రగూవేలు మంచివాడు, భయస్థుడు. తోబియా గుమ్మంలో అడుగుపెట్టగానే, ఈ అబ్బాయి మా తోబీతులా ఉన్నాడే అని భార్య ఎడ్నాతో అంటాడు. ఎవరో తెలిశాక కౌగిలించుకుని ఏడుస్తాడు, పొట్టేలును కోయిస్తాడు. తోబియా మాత్రం పెళ్ళి మాట తేలేదాకా తినను, తాగనంటాడు. అప్పుడు రగూవేలు ఏడుగురు అల్లుళ్ళ సంగతీ దాచకుండా చెబుతాడు. సంబంధాలు కుదుర్చుకునేటప్పుడు పిల్లకున్న జబ్బు, పిల్లవాడికున్న అప్పు, తాగుడు దాచిపెట్టే అలవాటు మనకు తెలియనిది కాదు. ఈ తండ్రి తన కూతురి పెళ్ళి ఆగిపోతుందని తెలిసీ నిజం చెప్పాడు. తర్వాత ఎడ్నాను పత్రం తెమ్మని పెళ్ళి ఒడంబడిక రాయిస్తాడు. ఎడ్నా గది సర్దుతూ కూతుర్ని చూసి ఏడుస్తుంది, కన్నీళ్ళు తుడుచుకుని ధైర్యం చెబుతుంది. ఇంత భక్తిగల రగూవేలు అర్ధరాత్రి లేచి అల్లుడి కోసం గొయ్యి తవ్విస్తాడు. ఇరుగుపొరుగుకు తెలియకముందే పాతిపెడదామని. దీపం పట్టుకుని పనిపిల్ల వెళ్ళి చూస్తే ఇద్దరూ హాయిగా నిద్రపోతున్నారు. అప్పుడు దేవుణ్ణి స్తుతించి, తెల్లవారకముందే ఆ గొయ్యి పూడ్చేయమని పనివాళ్ళను తొందరపెడతాడు. పద్నాలుగు రోజుల విందుకు ఏర్పాట్లు మొదలవుతాయి. విశ్వాసం, భయం ఒకే మనిషిలో ఒకే రాత్రి ఉంటాయని ఇంతకన్నా హాయిగా చెప్పిన చోటు బైబిలులో తక్కువ.

ఆ గొయ్యి తవ్వకముందే లోపల గదిలో తోబియా సారాను లేపి ఇద్దరూ కలిసి ప్రార్థిస్తారు. ఆదామునూ అవ్వనూ తలుచుకుని, కోరికతో కాదు, నిజాయితీతో ఈమెను చేపడుతున్నానని, ఇద్దరం కలిసి ముసలివాళ్ళమయ్యేలా దీవించమని అడుగుతాడు. ఇద్దరూ ఆమెన్ అంటారు. కతోలిక పెళ్ళి పూజలో చదవదగ్గ పఠనాల్లో ఇదొకటి. కతోలిక సత్యోపదేశ గ్రంథంలో దాంపత్యం గురించిన భాగంలోనూ ఈ ప్రార్థన ఉంది. కలిసి ముసలివాళ్ళమవ్వాలన్న కోరిక ఎంత చిన్నదో చూడండి. పిల్లలు కావాలని, సంపద కావాలని అడగలేదు. ఏడుగురు తొలిరాత్రే పోయిన గదిలో నిలబడి అడిగినప్పుడు మాత్రం అది చిన్న కోరిక కాదు.

మన నేలకు ఈ కథ అన్నిటికన్నా దగ్గరగా వచ్చేది పదో అధ్యాయంలో. పాలమూరు కూలీ ఊరు విడిచి పోవడం తరాల నుంచీ ఉన్నదే. ప్రాజెక్టుల మట్టి పనికి, ముంబై, పుణె కట్టడాలకు పోయిన కొడుకు కోసం ఇంట్లో ముసలివాళ్ళు ఎదురుచూడటం ఇక్కడ కథల్లోని సంగతి కాదు. తోబియా ప్రయాణం కూడా దూరాన ఉన్న డబ్బు తేవడానికే. పత్రాన్ని రెండు ముక్కలు చేసి చెరో ముక్క దాచుకున్నారని, దాచిన సంచుల మీద ముద్రలు చెక్కుచెదరలేదని రచయిత ప్రతి లెక్కా రాస్తాడు. కొడుకు పోయే ముందు అన్నా ఏడ్చి, ఈ డబ్బు లేకపోతేనేం, మనకున్నది చాలదా, బిడ్డను పంపడం ఎందుకు అంటుంది. పేదరికం తెలిసిన ఇల్లాలే ఆ మాట అంది.

రావలసిన రోజు దాటిపోతుంది. తోబీతు రోజులు లెక్కపెట్టుకుంటూ, డబ్బు తన దగ్గర దాచిన గబాయేలు చచ్చిపోయాడేమో, డబ్బిచ్చేవాడు లేడేమో అని లోలోపల కుమిలిపోతాడు. అన్నాతో మాత్రం ఏం కాదు, దారిలో ఏదో పని తగిలి ఆగి ఉంటారు అంటాడు. అన్నా నమ్మదు. నన్ను మోసం చేయకు, నా బిడ్డ పోయాడు అంటుంది. పగలంతా దారి దగ్గర కూర్చుంటుంది, రాత్రంతా ఏడుస్తుంది. ఒకే బాధ ఇద్దరిలో రెండు తీర్లుగా పలుకుతుంది. మగవాడు దాచుకుని ధైర్యం చెబుతాడు. ఆడమనిషి బయటపెట్టి దారి చూస్తుంది. రచయిత ఎవరి పక్షమూ పట్టడు. కాని కొడుకును ముందుగా చూసింది మాత్రం దారి దగ్గర కూర్చున్న తల్లే. నా బిడ్డ పోయాడన్న నోటితోనే ఆమె ప్రతి ఉదయం మళ్ళీ దారికేసి చూసింది. నమ్మకం లేదన్నా ఎదురుచూడటం మానలేదు. ఆ ఎదురుచూపును కూడా విశ్వాసమే అనాలి.

ఈ రాకపోకల్లో ఒక కుక్క ఉంది. పోయేటప్పుడు తోబియా వెంట పోతుంది, వచ్చేటప్పుడు వెంట వస్తుంది. అది చేసిన పని ఏమీ లేదు. దేవదూత నడిచే దారిలో ఇంటి కుక్క ఒకటి వెనకాలే నడవాలని మాత్రం రచయితకు అనిపించింది. ఈ గ్రంథాన్ని లాటినులోకి తెచ్చిన జెరోము ఒక్క రోజులో అనువాదం ముగించానని చెప్పుకున్నాడు. ఆ లాటిను పాఠంలో కుక్క వార్తాహరుడిలా ముందుగా ఇల్లు చేరి తోక ఊపుతుంది.

కోడలు వచ్చే సన్నివేశం కూడా చూడాలి. పిత్తం రాసి పొరలు ఒలిచాక తోబీతుకు చూపొస్తుంది. ఎవరి చేయీ పట్టుకోకుండా నీనెవె కోట వాకిలి దాకా నడిచి వెళ్తాడు. కోడలిని బిడ్డా అని పిలిచి, మీ ఇంటికి రా అని ఆహ్వానించి, ఆమె తల్లిదండ్రులను దీవిస్తాడు. పెళ్ళికి అత్తవారి ఆస్తిలో సగం వచ్చింది. ఆ లెక్క రగూవేలు తానుగా చెప్పినదే గాని ఎవరూ అడిగింది కాదు. కోడలి ఎదుట ఆ ఊసే లేదు. కట్నాలతో చితికిన మన ఇళ్ళలో ఈ నాలుగు వాక్యాలు చదివితే చాలు, వేరే ప్రసంగం అక్కర్లేదు.

ఇందులో లోపాలూ ఉన్నాయి. నాలుగో అధ్యాయంలో తండ్రి నీతులు బారెడు. అందులోనూ కూలివాడి కూలి మరునాటికి ఆపకు అన్నది, నీకు గిట్టనిది ఇంకొకరికి చేయకు అన్నది ఆణిముత్యాలే. పదమూడో అధ్యాయపు స్తుతిగీతం కథకు అంటుకోదు. భూగోళం సరిగా లేదు. టైగ్రిస్ తూర్పు ఒడ్డున ఉన్న నీనెవె నుంచి తూర్పుకు పోయేవాడికి మళ్ళీ టైగ్రిస్ ఎదురుపడదు. ఎక్బటానా, రాగేసుల మధ్య దూరం రెండు రోజుల నడకా కాదు. ఇది చరిత్ర కాదు, బోధ కోసం అల్లిన కథ అని కతోలిక పండితులే చాలామంది అంటారు. క్రీస్తుకు పూర్వం మూడు, రెండు శతాబ్దాల్లో పుట్టి ఉంటుందని అంచనా. 1952లో మృతసముద్రం పక్క గుహలో దొరికిన చుట్టల్లో దీని ప్రతులు నాలుగు అరమాయికులో, ఒకటి హెబ్రీలో, ముక్కలుగా బయటపడ్డాయి. ఇంకో ఇబ్బంది, తనవాళ్ళలోనే పెళ్ళి చేసుకోవాలన్న పట్టు. పరాయి దేశంలో చెరలో ఉన్న జాతికి అది బతికి బట్టకట్టే మార్గం. మన మేనరికాలకు దాన్ని సాక్ష్యంగా లాగలేం. శ్రీసభ చట్టంలో మేనత్త, మేనమామ పిల్లల పెళ్ళి నిషిద్ధ బంధుత్వం కిందికే వస్తుంది, బిషప్ అనుమతి ఉంటే తప్ప చెల్లదు.

ఈ లోపాల వల్ల ఆ పనితనం విలువ తగ్గదు. పన్నెండో అధ్యాయంలో లెక్క తేలే సమయం వస్తుంది. తండ్రీకొడుకులు కూలివాడికి ఏమివ్వాలా అని ఆలోచించి, తెచ్చిన దానిలో సగం ఇద్దామనుకుంటారు. మాట్లాడుకున్నది రోజుకు ద్రాక్మా. ఇవ్వబోయింది సగం ఆస్తి. అప్పుడు రఫాయేలు అసలు లెక్క విప్పుతాడు. మీ ప్రార్థనలు పైకి తీసుకెళ్ళింది నేనే, నువ్వు వడ్డించిన భోజనం వదిలి శవాన్ని పాతిపెట్టడానికి లేచినప్పుడు నిన్ను పరీక్షించడానికి పంపబడింది నేనే అంటాడు. గుడ్డితనానికి ముందు ముట్టకుండా వదిలేసిన ఆ అన్నం పది అధ్యాయాల తర్వాత లెక్కలోకి వచ్చింది. శవసంస్కారాన్ని కతోలికులు దయాకార్యాల్లో ఒకటిగా లెక్కపెట్టడానికి ఆధారం కూడా ఈ కథే. మిగతా ఆరూ మత్తయి సువార్తలో ఉన్నాయి, ఏడోది తోబీతు దగ్గరినుంచి వచ్చింది. బతుకులోనే కాదు, చావులోనూ వాడలు వేరైన ఊళ్ళలో, పరాయి శవాన్ని తన భుజాన వేసుకున్న మనిషి కథకు ఉండే బరువు వేరు. నవంబరు 2న సమాధుల పండుగకు పూలు, కొవ్వొత్తులు పట్టుకుని వెళ్ళేవాళ్ళు ఒకసారి రెండో అధ్యాయం చదివి వెళ్తే బాగుంటుంది.

బేసి సంవత్సరాల్లో సామాన్యకాలం తొమ్మిదో వారం వస్తే, ఆ వారం రోజుల పూజల్లో ఈ గ్రంథం నుంచే మొదటి పఠనాలు. పెళ్ళిళ్ళలోనైతే చాలాసార్లు ఎనిమిదో అధ్యాయపు ప్రార్థన ఒక్కటే వినిపిస్తుంది. అది సగమే. పెళ్ళికి ముందు శిక్షణకు వచ్చే జంటలకు రెండో అధ్యాయం నుంచి పదకొండు దాకా పెద్దగా చదివించాలి. చదవడానికి ఒక సాయంత్రం చాలు. అబ్బాయి తోబీతు మాటలు, అమ్మాయి అన్నా మాటలు చదవాలి, మేకపిల్ల దగ్గర ఆగి ఆ గొడవలో ఎవరిది తప్పో వాళ్ళనే మాట్లాడుకోనివ్వాలి. ఈ రచయిత పనితనమంతా ఆ వరుసలోనే ఉంది. పెళ్ళిరాత్రి ప్రార్థనకు ముందు భార్యను నమ్మని భర్త ఏడుపు ఉంది, పనిపిల్లలను కొట్టిన అమ్మాయి మొర ఉంది. కలిసి ముసలివాళ్ళమవ్వాలని కోరుకునే జంటకు, కలిసి ముసలివాళ్ళయిన జంట ఎలా పోట్లాడుకుంటుందో, పోట్లాట తర్వాత ఒకే సమాధి ఎందుకు కోరుకుంటుందో కూడా ముందే తెలియాలి.